సైకిల్ షాపు మీది గది

జూలై 7, ఆదివారం

ప్రభువా, నా చేతిరాత బాగుండదు. తప్పులు కూడా చాలా ఉంటాయి, మన్నించు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత సంతకం తప్ప పెద్దగా రాసింది లేదు. నోరు విప్పి ప్రార్థన చెయ్యలేనివాళ్ళు పుస్తకంలో రాసుకోండి, దేవుడు చదువుకుంటాడు అని పాస్టరుగారు ఇవాళ అన్నారు. నావైపు చూస్తూనే అన్నారు. గుంపు ప్రార్థనలో నా వంతు వచ్చేసరికి నాకు దగ్గు వస్తుందని అందరికీ తెలుసు.

ఇవాళ చీటీలు పంచారు. కానుకల సంచిలో వేసి తిప్పారు. ఎవరూ తొక్కని గడపలు వెతికి పాస్టరుగారే రాసిపెట్టారట. ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇల్లు. ఐదు వారాలు ఆ ఇంటికి వెళ్ళి ప్రభువు మాట చెప్పాలి. ఆఖరి ఆదివారం ఎవరి మనిషిని వాళ్ళు చర్చికి తీసుకురావాలి. మార్చుకోకూడదు, ఒకరి చీటీ ఒకరికి చూపించకూడదు.

నా చీటీలో 'సైకిల్ షాపు మీది గది' అని ఉంది. అంతే.

పాస్టరుగారు ఈ చర్చికి వచ్చి రెండేళ్ళు కాలేదు. ఆయనకేం తెలుసు. నీకు తెలుసు. ఆ గదిలో ఉండేది ఆ డ్రైవరు. తొమ్మిదేళ్ళ కిందట తెల్లారగట్ల, మిల్లుకి నడిచి వెళ్తున్న నా తమ్ముణ్ణి లారీతో గుద్ది ఆపకుండా పోయినవాడు. మర్నాడు పట్టుకున్నారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. జైలు నుంచి వచ్చి ఏడాదైంది.

తమ్ముడి భార్య నా ఇంట్లోనే ఉంటుంది. నా భార్య పోయాక ఇంట్లో మేమిద్దరమే. చీటీ ఎవరిది వచ్చింది బావగారూ అని దారిలో అడిగింది. చూపించకూడదన్నారుగా అన్నాను.

జూలై 8

వాన. బాగుకి ఏడు గొడుగులు వచ్చాయి. చీటీ జేబులో ఉంది.

జూలై 10

వెళ్ళాను. సాయంత్రం పని కట్టేసి వెళ్ళాను.

ఆ గదికి మెట్లు బయటి నుంచే. ఇనప మెట్లు, తుప్పు పట్టాయి. కింద నిలబడ్డాను. పైన తలుపు సందులోంచి వెలుగు కనిపిస్తోంది. సైకిల్ షాపు అతను ట్యూబుకి అతుకు వేస్తూ తలెత్తాడు.

"ఎవరు కావాలి తాతా?"

"ఎవరూ లేదు. వాన తగ్గేదాకా."

"చేతిలో గొడుగు పెట్టుకుని వాన తగ్గేదాకా నిలబడ్డావా? ఊరందరి గొడుగులూ నువ్వే బాగుచేస్తావు, నీది తెరుచుకోదా?"

షాపులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. దగ్గు వచ్చింది. గట్టిగానే దగ్గాను. పైన ఏదో కదిలినట్టనిపించింది.

"మళ్ళీ వస్తూండు తాతా, పొద్దుపోతుంది" అన్నాడు అతను.

ఇంటికి వచ్చేశాను.

జూలై 13, శనివారం

ఇంటి చీటీ మన దగ్గరే ఉంచుకుని, ప్రతి వారం ఇంకో చీటీలో ఏ ఇల్లో రాసి, మూడు ప్రశ్నలకి టిక్కు పెట్టి పాస్టరమ్మ పెట్టెలో వెయ్యాలి. పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

వెళ్ళారా? వెళ్ళానుగా, మెట్ల దాకా. టిక్కు పెట్టాను.

విన్నారా? నా దగ్గు వినే ఉంటాడు. కదిలాడు కదా. పెట్టాను.

మళ్ళీ రమ్మన్నారా? సైకిల్ షాపు అతను రమ్మన్నాడు. రమ్మన్నారా అన్నారే గాని ఎవరు అని అడగలేదు. పెట్టాను.

ఖాళీగా ఇస్తే ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అంతమందిలో తమ్ముడి సంగతి నేనెక్కడ చెప్పను. టిక్కుకి మాట అక్కర్లేదు.

ఇవాళ పనిలో ఒక గొడుగు ఊచ వంకరగా బిగించాను.

జూలై 14, ఆదివారం

చదవరనుకున్నాను. పాస్టరమ్మ ఒక్కొక్క చీటీ పైకి చదివింది. పేర్లు చెప్పలేదు గాని ఏ ఇల్లో చెప్పి, వెళ్ళినవాళ్ళని లేచి నిలబడమంది. కూరగాయలామె మూడుసార్లు లేచింది.

"ఒక చీటీకి ఒకసారే లేవాలమ్మా" అన్నారు పాస్టరుగారు.

"మూడు ఇళ్ళకి వెళ్ళొచ్చానయ్యా, కాళ్ళు ఊరుకోవు" అంది. అందరూ నవ్వారు.

తర్వాత, "సైకిల్ షాపు మీది గది. వెళ్ళారు, విన్నారు, మళ్ళీ రమ్మన్నారు."

లేచాను. వెనక నుంచి గుసగుసలు. ఆ గది ఎవరిదో సగం చర్చికి తెలుసు. పాతవాళ్ళలో ఒకాయన 'స్తోత్రం' అని ఏడ్చాడు. పాస్టరుగారికి ఎవరో చెవిలో చెప్పారు. ఆయన ముఖం మారిపోయింది. వేదిక దిగి వచ్చి నన్ను కావలించుకున్నారు. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆడవాళ్ళ వైపు చూడలేదు. చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక మరదలు కంచం పెట్టింది, నీళ్ళు పెట్టింది, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

జూలై 15

మాట్లాడలేదు.

జూలై 16

మాట్లాడలేదు. వాన వెలవలేదు. బజారు మేడ మెట్ల కింద గొడుగులు బాగుచేసే నా చోటు ఒకటుంది కదా, తల వంచుకుని కూర్చోవాలి. పైన జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఇవాళ ప్రతి అడుగూ నెత్తిమీదే పడ్డట్టుంది.

జూలై 17, బుధవారం

భోంచేస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ నా ఎదుట అట్లా కూర్చోలేదు.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదమ్మా."

"ఏమీ అనకుండానే మళ్ళీ రమ్మన్నాడా?"

నేను కంచంలోకి చూశాను. నిజం చెప్పడానికి అదే సమయం ప్రభువా. నోటి దాకా వచ్చింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తోంది. కొట్టించుకోబోయే మనిషి చూసినట్టు.

"బాధపడ్డాడు" అన్నాను.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఏడుస్తున్నట్టు వినిపించింది. తొమ్మిదేళ్ళుగా ఏడవని ఏడుపు. ఏడిస్తే మంచిదే కదా. ఆవిడకి మంచే జరిగింది. ఒక్క మాటే కదా అన్నాను.

జూలై 20

రోజూ అడుగుతోంది. సాయంత్రం నేను గొడుగు మడిచి గుమ్మంలో పెట్టగానే అడుగుతోంది. వెళ్ళారా బావగారూ? వెళ్ళానమ్మా. ఏమన్నాడు?

నాకు మాటలు రావని అందరూ అంటారు. ఇప్పుడు ఎక్కడినుంచి వస్తున్నాయో. తల వంచుకునే మాట్లాడతాడని చెప్పాను. ప్రార్థన చేస్తుంటే కళ్ళు మూసుకున్నాడన్నాను. రెండుసార్లు ఏడ్చాడన్నాను. గదిలో కుర్చీ ఒకటే ఉందనీ, నాకిచ్చి తాను కింద కూర్చున్నాడనీ చెప్పాను. ఆ కుర్చీ నా కళ్ళకి కనిపించింది కూడా. నీలం రంగు, ఒక కాలు కురచ.

మూడు టిక్కులు పెట్టాను. ఈసారి పెన్సిలు కూడా చెక్కుకోలేదు.

జూలై 23

ఇవాళ ఆ మాట అడిగింది.

"ఆయన ఎట్లా పోయారో చెప్పాడా?"

ఆపకుండా పోయాడని కోర్టులో తేలింది. ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగింది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ అడగాలనుకుంటున్నది అదొక్కటేనని నాకు అప్పుడు అర్థమైంది.

"కొంచెం దూరం పోయి వెనక్కి వచ్చాడట" అన్నాను. "తల ఒళ్ళో పెట్టుకున్నాడట. అప్పటికే... నొప్పి తెలియలేదట. జనం అలికిడి విని భయపడి పారిపోయాడట."

చెప్తుంటే నాకే కన్నీళ్ళు వచ్చాయి. నిజంగానే వచ్చాయి.

"ఒంటరిగా పోలేదన్నమాట" అంది.

పోలేదమ్మా అన్నాను.

జూలై 26

పెట్టెలో ఉన్న తమ్ముడి ఫోటో తీసి గోడకి కొట్టించింది. ఇన్నేళ్ళూ చూడలేక లోపలే ఉంచింది. ఫోటోలో వాడి కాలరు ఒకవైపు మడతపడి ఉంది. "ఎన్నిసార్లు సరిచేసినా ఇంతే ఈ మనిషి" అని నవ్వింది.

జూలై 27

పాస్టరుగారు నా చోటుకే వచ్చారు. ఒంగి, మెట్ల కింద నా పక్కనే చతికిలబడ్డారు. ఆయనకి తలుపు లేని చోట్లంటే ఇష్టమట.

"తాతగారూ, మా వాక్యాలన్నీ ఒక ఎత్తు, మీరు చేసింది ఒక ఎత్తు. మనవాళ్ళకి మనం చెప్పుకోవడం ఏముంది? ప్రభువు గోడ అవతలివాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. మీరు వెళ్ళారు."

నేను స్ప్రింగు నూనెలో ముంచాను.

"ఆఖరి ఆదివారం ఆయన్ని తీసుకొస్తారుగా? మీరు రెండు మాటలు సాక్ష్యం చెప్పాలి. రెండే రెండు."

"నాకు మాటలు రావయ్యగారూ."

"ఆయన దగ్గర వచ్చాయిగా!" అని భుజం తట్టి వెళ్ళిపోయారు. లేచేటప్పుడు పాపం తల మెట్టుకి కొట్టుకుంది.

ఆఖరి ఆదివారానికి పదిహేను రోజులుంది.

జూలై 30

మరదలు ఇవాళ తమ్ముడి కోటు తీసింది. ఉన్ని కోటు, మోచేతుల దగ్గర అతుకులు. నీళ్ళు చల్లి ఇస్త్రీ చేసి కాగితంలో చుట్టింది.

"వానలకి ఆ గది చల్లగా ఉంటుందేమో బావగారూ. ఇది ఇవ్వండి. ఎవరిచ్చారో చెప్పండి. చెప్పకపోయినా సరే."

"అమ్మాయీ..." అన్నాను.

"ఏంటి?"

"ఏం లేదు."

తీసుకున్నాను. నా చోటు దగ్గర సామాను పెట్టెలో, పాత గొడుగు గుడ్డల అడుగున పెట్టాను.

జూలై 31

"కోటు సరిపోయిందా?"

"భుజాల దగ్గర కొంచెం బిగుతు."

"కుట్టు విప్పితే వదులవుతుంది. ఈసారి తెమ్మనండి."

ఇక నావల్ల కాదు.

ఆగస్టు 1

ఒక్కసారి నిజంగా వెళ్తే చాలు. ఒక్కసారి వెళ్ళి కోటు ఇచ్చేస్తే చెప్పినదంతా నిజమైపోతుంది. కొంచెం వెనకా ముందూ అంతే. వాడు తల వంచుకోకపోతాడా. ఏడవకపోతాడా. ఎవడైనా ఏడుస్తాడు.

రేపు వెళ్తాను.

ఆగస్టు 2, శుక్రవారం

వెళ్ళాను ప్రభువా. పైదాకా.

తలుపు తీసే ఉంది. గదిలో కుర్చీ లేదు. నేల నిండా లారీ టార్పాలిన్ పరుచుకుని ఉంది. దాని మధ్యలో వాడు కూర్చుని పెద్ద సూదితో చిరుగులు కుడుతున్నాడు. లైసెన్సు పోయాక అదే పనట. నేననుకున్న దానికంటే ముసలివాడు. నా కంటే పదేళ్ళు చిన్నవాడై ఉంటాడేమో.

నన్ను చూసి సూది ఆపలేదు.

"గొడుగులాయన కదూ. ఆయన అన్నగారు."

తలూపాను.

"వస్తారని ఏడాదిగా చూస్తున్నా. కొడతారా? కొట్టండి. ముందు చెప్పులు విప్పండి, టార్పాలిన్ మీది మట్టి మళ్ళీ నేనే తుడుచుకోవాలి."

చెప్పులు విప్పాను. ఎక్కడ నిలబడాలో తెలియలేదు. గదంతా అదే పరిచి ఉంది. అంచు మీద కూర్చున్నాను. చంకలో కాగితం పొట్లం. చెప్పాలనుకున్నవి ఒక్కటీ రాలేదు. వాడు కుట్టుకుంటూనే ఉన్నాడు. చివరికి నేను అన్నది ఇదీ:

"నీ దగ్గరికి మూడు వారాల నుంచి వస్తున్నానని చర్చిలో రాసి ఇచ్చాను. రాలేదు."

సూది ఆగింది.

"ఎందుకు?"

"చీటీ వచ్చింది."

చీటీ సంగతి చెప్పాను. మెట్ల దగ్గర దగ్గిన సంగతీ, మూడు టిక్కుల సంగతీ చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. మరదలికి చెప్పినవీ చెప్పాను.

"నేను తల వంచుకున్నానని చెప్పారా?"

"చెప్పాను."

"ఏడ్చానని?"

"రెండుసార్లు."

"రెండుసార్లు ఏడ్చానా!" వాడు నవ్వాడు. పొడి నవ్వు. "పెద్దాయనా, ఈ ఊళ్ళో నా గురించి మంచిగా అబద్ధం చెప్పింది మీరొక్కరే. మీవాళ్ళు తలుపు కింద నుంచి కాగితాలు తోసిపోతారు. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు అని ఉంటుంది. తలుపు కొట్టి ఆ మాట నోటితో చెప్పినవాడు ఒక్కడు లేడు."

నేనూ చెప్పలేదు. చెప్పాల్సింది అప్పుడే. నా నోట్లోంచి రాలేదు.

"ఇంకేం చెప్పారు?"

వెనక్కి వచ్చావని, తల ఒళ్ళో పెట్టుకున్నావని చెప్పానన్నాను.

ఇక వాడు నవ్వలేదు. సూది టార్పాలిన్‌కి గుచ్చి పక్కన పెట్టాడు. గోడకేసి చూస్తూ చెప్పాడు. ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

"నేను వెనక్కి రాలేదు. అద్దంలో చూశాను. చెయ్యి కదిలింది. పడుకున్నవాడు ఎవర్నో పిలిచినట్టు పైకి లేచింది. చూశాను. చూసి కూడా కాలు నొక్కాను. చూళ్ళేదని కోర్టులో చెప్పాను. జడ్జి నమ్మాడు. నా పెళ్ళాం నమ్మింది. మీకే చెప్తున్నా."

కింద సైకిల్ షాపులో గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

వాడి మెడ పట్టుకోవాలనిపించింది. అది కూడా రాస్తున్నాను. డెబ్భై రెండేళ్ళవాణ్ణి, ఊచ వంచే బలం తప్ప లేనివాణ్ణి, వాడి మెడ మీదే ఉంది నా చూపు.

పొట్లం ముందుకి తోశాను. మరదలు పంపిందన్నాను. వాడు విప్పి చూశాడు. కోటు ఎవరిదో చెప్పక్కర్లేకపోయింది. మళ్ళీ మడతలు పోకుండా చుట్టి నా ఒళ్ళో పెట్టాడు.

"ఇది ఏడ్చినవాడికి పంపింది. వాణ్ణి మీరు తయారుచేశారు. నాకెందుకు?"

చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ అన్నాడు. "ఆవిడకి చెప్పండి. ఆ చెయ్యి సంగతి. నేను మోసింది చాలు."

ఆగస్టు 3

చెప్పలేదు.

టిక్కులు పెట్టే పెన్సిలు విరిచేశాను. ఈ వారం చీటీ ఖాళీగా పెట్టెలో వేశాను.

ఆగస్టు 4, ఆదివారం

చెప్పలేదు. చీటీలు ఇవాళ చదవలేదు, వచ్చేవారం అన్నీ కలిపి చదువుతారట.

ఆగస్టు 5

చెప్పలేదు. ఫోటోకి ఎదురుగా కూర్చుని బియ్యం ఏరుతోంది. పాట పాడుకుంటోంది. ఎట్లా చెప్పను?

ఆగస్టు 6

చెప్పలేదు.

ఆగస్టు 7

ఆవిడ కోసమే అబద్ధం చెప్పానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇవాళ ఊచలు బిగిస్తుంటే తెలిసింది, నా కోసమే చెప్పుకున్నాను. ఏడ్చేవాడైతే నేను క్షమించగలను. తల వంచుకునేవాడైతే నీ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకురాగలను. అట్లాంటివాడు దొరక్క తయారుచేసుకున్నాను. చూసి కూడా కాలు నొక్కినవాడికి నీ దయ ఉందని చెప్పమంటే నాకు నోరు రాదు. ఉండకూడదనే నాకుంది. నువ్వు వాడి మీద దయ చూపిస్తావేమోనని భయం కూడా ఉంది.

ఆగస్టు 8

చెప్పలేదు. "ఆదివారం ఆయన వస్తాడా, నేను ఎటు కూర్చోను?" అని అడిగింది.

ఆగస్టు 10, శనివారం

చెప్పాను.

పొద్దున్నే, ఆవిడ ఇల్లు ఊడుస్తుంటే, కోటు పొట్లం తెచ్చి మంచం మీద పెట్టాను.

"ఇదేంటి, ఇవ్వలేదా?"

"ఇచ్చాను. తీసుకోలేదు. అమ్మాయీ, నేను అక్కడికి ఒక్కసారే వెళ్ళాను. పోయిన శుక్రవారం. అంతకుముందు చెప్పినవి ఏవీ నిజం కాదు."

చీపురు పట్టుకునే నిలబడింది. నేను అన్నీ చెప్పాను. కుర్చీ లేదని చెప్పాను. ఏడవలేదని చెప్పాను. చెయ్యి సంగతి చెప్పేటప్పుడు గోడ పట్టుకున్నాను.

"కదిలిందా?"

"కదిలిందట."

"చూశాడా?"

"చూశాడట."

ఆవిడ కూలబడిపోతుందనుకున్నాను. కూలబడలేదు. మిగిలిన గది ఊడ్చింది. మూల దాకా ఊడ్చి, చెత్త ఎత్తి, చీపురు తలుపు వెనక పెట్టింది. అప్పుడు అడిగింది.

"మరి నేను క్షమించింది ఎవర్ని బావగారూ?"

నేను గోడ వదిలి మంచం మీద, కోటు పక్కన కూర్చున్నాను.

"ఇరవై రోజులు ప్రార్థన చేశాను. ఆయన తల ఒళ్ళో పెట్టుకున్న మనిషిని చల్లగా చూడు ప్రభువా అని. అట్లాంటి మనిషే లేడా? మీకు మాటలు రావంటారే, ఇన్ని మాటలు ఎట్లా వచ్చాయండీ? ఒక్కటన్నా అడ్డం పడలేదా?"

"లేదమ్మా."

"ఆ చెయ్యి ఎవర్ని పిలిచిందో..." అని ఆగిపోయింది. ఫోటో తియ్యలేదు. కోటు తీసి పెట్టెలో పెట్టి మూత వేసింది.

సాయంత్రం దాకా ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి దారిలో ఒకరు రాకుండా తిరిగాం. ఇంత చిన్న ఇల్లని నాకు ఇన్నేళ్ళూ తెలియలేదు. దీపం పెట్టే వేళకి గుమ్మంలో నిలబడి అంది.

"రేపు చర్చిలో మీరు చెప్తారా, నేను చెప్పనా?"

ఆగస్టు 11, ఆదివారం

వరసగా పిలిచారు. కూరగాయలామె తన మనిషిని లాక్కొచ్చింది. పోయినేడు తెచ్చినావిడే. "ఈమె నిరుడే రక్షణ పొందిందిగా" అన్నారు పాస్టరుగారు. "ఇంకోసారి పొందితే తప్పా అయ్యగారూ? మా సందులో ఖాళీగా ఉన్నది ఈవిడే" అంది. చర్చి అంతా నవ్వు. ఆ నవ్వు తగ్గకముందే నన్ను పిలిచారు.

లేచాను. నా పక్కన ఎవరూ లేరు. పాస్టరుగారు తలుపు వైపు చూశారు.

దగ్గు వచ్చింది. దగ్గాను. అందరూ కాచుకున్నారు. ఈసారి దగ్గు అయిపోయాక కూడా కూర్చోలేదు.

"నేను వెళ్ళలేదు" అన్నాను. "టిక్కులు అబద్ధం. ఒక్కసారి వెళ్ళాను, అప్పుడు కూడా ప్రభువు మాట చెప్పలేదు. చెప్పడం ఇష్టం లేక చెప్పలేదు."

నిలబడే ఉన్నాను. ముందు ఏడ్చిన పాతాయన ముఖం అటు తిప్పుకున్నాడు. పాస్టరమ్మ చేతిలో చీటీల కట్ట ఉంది, దాన్ని గట్టిగా పట్టుకుంది. "అదేంటి మావయ్యా" అని కూరగాయలామె మాత్రం పైకే అంది. ఆ గొంతులో తిట్టు లేదు.

పాస్టరుగారు వేదిక దిగి వచ్చారు. "తాతగారూ, ఆ చీటీ మీ చేతికి రాకుండా ఉండాల్సింది. తప్పు నాది. నేనే ముందు అడిగి తెలుసుకోవాల్సింది. ఇలా ఇచ్చెయ్యండి. ఇంకెవరికైనా ఇస్తాను."

జేబులోంచి తీశాను. మెత్తబడిపోయింది. ఆయన చెయ్యి చాపారు. "ఎవరు తీసుకుంటారు?" అని అడిగారు. మగవాళ్ళ వైపు ఒక్క తలా లేవలేదు. కూరగాయలామె కూడా కదల్లేదు.

"నాకివ్వండి."

ఆడవాళ్ళ వైపు నుంచి మరదలు లేచింది. కొంగు భుజం మీదుగా తీసుకుని నడవాలోకి వచ్చింది. పాస్టరుగారు చీటీ ఆమెకివ్వలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, నువ్వు ఆలోచించుకో."

"ఆలోచించడానికి ఏముందయ్యగారూ. చనిపోయింది నా మనిషి. చంపింది అతను. ఆ గదికి వెళ్ళాల్సిన పని మీ అందరి కంటే నాకే ఎక్కువ. అక్కడికెళ్ళి ప్రభువు మాట చెప్తానో, నాలుగు తిడతానో నాకే తెలియదు. మాటిస్తే అబద్ధమవుతుంది. మా ఇంట్లో ఇప్పటికే అవి ఎక్కువయ్యాయి."

చీటీ ఆయన చేతిలోంచి తనే తీసుకుంది.

ఆగస్టు 12

నాతో మాట్లాడింది. ఉప్పు ఎక్కువైందా అని అడిగింది. లేదన్నాను. నిజంగానే ఎక్కువ కాలేదు.

ఆగస్టు 14, బుధవారం

ఆవిడ ఇనప మెట్ల దాకా వెళ్ళొచ్చింది. మోకాళ్ళు ఎక్కనివ్వలేదంది. మోకాళ్ళేనో కాదో నేను అడగలేదు. నేను కూడా ఒకప్పుడు అక్కడిదాకా వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణే.

ఇంటికొచ్చి, ఉత్తరం రాద్దాం, మీరే రాయండి, మొదలుపెట్టింది మీరే అంది. ఆవిడ చెప్తుంటే రాశాను. ఒక్క మాట కూడా నేను కలపలేదు. రేపు పొద్దున్న నేనే తీసుకెళ్ళి తలుపు కొట్టి చేతికిస్తాను. ఇక్కడ కూడా రాసి ఉంచుతున్నాను.

*డ్రైవరుగారికి,*

*నేను చనిపోయినాయన భార్యని. మా బావగారు మీ గురించి నాకు చెప్పిన మంచి అంతా ఆయన కల్పించింది. చెయ్యి సంగతి మాత్రం మీరు చెప్పిందేనట. అది మీ నోటితో వినాలి. కుడి చెయ్యా, ఎడమదా, ఎంతసేపు కదిలింది, చెప్పండి. దాచొద్దు. నన్ను ఏడిపించకూడదని ఏమీ తగ్గించొద్దు.*

*మిమ్మల్ని క్షమించానని ఈ ఉత్తరంలో రాయించడం లేదు. మీరు ఏడిస్తే క్షమిస్తానని కూడా రాయించడం లేదు. నేను నమ్మిన దేవుడు అట్లాంటి బేరం పెట్టలేదు. నా దగ్గర లేనిది ఆయన దగ్గర ఉంది. అది మీకు కూడా ఉందని చెప్పడమే నా పని. చీటీ నాది ఇప్పుడు. నేను విన్నాక, మీరు వింటానంటే, అది చెప్తాను.*

*నేను మెట్లు ఎక్కలేను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్క గదిలో కూర్చుంటాను. తలుపు తీసే ఉంటుంది. మీరు దిగి రావాలి. ఎవరూ ఏమీ అనరు. అంటే నేనున్నాను. ఆదివారం కుదరకపోతే ఏ రోజు కుదురుతుందో చెప్పండి. అస్సలు రానంటే అది కూడా చెప్పండి, ఎదురుచూడకుండా ఉంటాను. తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను, ఇక నావల్ల కాదు. జవాబు త్వరగా పంపండి.*